అమ్మబడును: ఒక రేసు పడవ

"అమ్మబడును. రేసు పడవ. లేజర్ తరగతి. మంచి కండిషన్. తెరచాప, చుక్కాని సహా. ధర అరవై వేలు. మాట్లాడుకోవచ్చును."

2024 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే ఈ ప్రకటన రాసి, ఒక ఫోటో తగిలించి, తెలిసినవాళ్లందరికీ ఫోన్లో పంపించేశాను.

సినిమా పత్రికలో పడవల బేరమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఇందులో ఒక ఆర్టు డైరెక్టరుగారి అసిస్టెంటు ఉన్నాడు. ఒక ప్రొజెక్టరు ఆపరేటరు ఉన్నాడు. పదిహేనేళ్ల అమ్మాయి ఉంది. విలన్ కావలసి వస్తే నేనున్నాను. క్లైమాక్సులో నీళ్లు కూడా ఉన్నాయి. ఎక్కువ కాదు, ఒక చెంబెడు.

ముందు ఆ "మంచి కండిషన్" సంగతి చెప్పాలి. నేను పొట్ట పోసుకునేది విశేషణాలు అమ్ముకుని. పత్రికలకు వ్యాసాలు రాస్తాను, అవి చాలనప్పుడు సినిమాలకు పబ్లిసిటీ రాస్తాను. రెండో ఆటకే జనం లేచిపోయిన సినిమాకు "కుటుంబ సమేతంగా చూడదగ్గ" అని రాసి డబ్బు తీసుకున్నవాణ్ణి. (ఆ డబ్బు కూడా ఆరు నెలలకు గాని రాలేదు. అది వేరే కథ.) అలాంటివాడికి "మంచి కండిషన్" అన్న రెండు మాటలు రాయడం ఎంతసేపు?

అమ్మవలసిన అవసరం కూడా గట్టిదే. మా అమ్మకి మోకాలి ఆపరేషను చెప్పారు. ఇన్సూరెన్సు పోను చేతినుంచి పడేది అరవై వేలు. అదిగాక క్లబ్బులో పడవ నిలుపుకున్నందుకు కట్టవలసిన రుసుము ఏడు నెలలుగా బాకీ. అమ్మ ఒకటే అనేది: "నీళ్లమీద తేలేదానికి అద్దె కడతావు, మనముండే ఇంటికి మాత్రం బాకీ పెడతావు. ఏం తెలివిరా నీది!"

లేజర్ అంటే స్టేజీ మీద తిరిగే రంగురంగుల లైట్లు కావండోయ్. అది పడవ పేరు. 1969లో కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ అనే డిజైనరు ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ కాగితం మీద గీసిన బొమ్మ అది. 1971లో న్యూయార్కు బోటు షోలో జనం ముందుకు వచ్చింది. ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో కూడా ఉంది. 2019లో పేరు మార్చి ఐఎల్‌సీఏ అన్నారు గాని, ఊరి పేరు మారినా కండక్టరు పాత పేరే అరిచినట్టు మేమంతా లేజరనే అంటాం.

పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. ఒళ్లు ఫైబర్ గ్లాసు, బరువు 59 కిలోలు. ఒకటే తెరచాప, దానిని మోసే మాస్టు, నీళ్లలోకి దించే డాగర్ బోర్డు అనే పలక, వెనక చుక్కాని. ఇంజనుండదు. ఎక్కేది ఒక్కడే. అన్ని పడవలూ ఒకే అచ్చులో పోసినట్టుండాలి, అది రూలు. పది మందికీ ఒకే సీను, ఒకే డైలాగు ఇచ్చి ఎవడు బాగా చేస్తాడో చూడటంలాంటిది లేజర్ రేసు. ఓడిపోతే పడవమీదకు నెట్టడానికి వీల్లేదు. నేను పదేళ్లు ఓడిపోయాను గనక ఆ బాధ నాకు బాగా తెలుసు.

మన సినిమాల్లో పడవంటే గుర్తొచ్చేది బాపుగారి "అందాల రాముడు" (1973), తరువాత "గోదావరి" (2006). రెండింట్లోనూ ఉన్నవి ఇంజను లాంచీలు. తెరచాప పడవ మనకి పాటల్లోనే కనబడుతుంది. హీరో ఒక చెయ్యి చుక్కాని మీద వేసి, రెండో చెయ్యి హీరోయిన్ భుజం మీద వేసి పాడుతుంటాడు. బాబూ, గాలి మారితే ఆ తెరచాప కిందుండే అడ్డకొయ్య ఒక్క ఊపున ఇటునుంచి అటు వస్తుంది. పల్లవి అయ్యేలోగానే డ్యూయెట్ కాస్తా సోలో అవుతుంది!

నాకీ పిచ్చి పట్టింది 2014లో. హుస్సేన్ సాగర్ మీద ఏటా వానాకాలంలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ మీద రెండు పేజీలు రాసుకురమ్మని ఒక వారపత్రిక పంపించింది. నాకప్పుడు పాతికేళ్లు. బుద్ధ విగ్రహం చుట్టూ తెల్ల తెరచాపలు కొంగల్లా వాలిపోయి తిరుగుతుంటే నోరు తెరుచుకుని చూశాను. 1990లో పడవ మీద తీసుకెళ్తుండగా మునిగిపోయి, 1992లో మళ్లీ లేపి నిలబెట్టిన విగ్రహం అది. అలాంటి చోట మనమూ ఒకటి రెండుసార్లు మునిగితే తప్పేమిటనిపించింది.

అక్కడే ఒక కర్నల్‌గారు రిటైరై ఊరెళ్లిపోతూ తన లేజర్ అమ్ముతున్నారు. ఆ పడవ అప్పటికే రెండు చేతులు మారింది. ఎనభై వేలన్నారు. నా దగ్గర అంత లేదంటే వాయిదాల్లో ఇమ్మన్నారు. నేనేమీ అడక్కుండానే, మాస్టు దిగే గుంటలో చెంబుతో నీళ్లు పోసి, పావుగంట చూడమన్నారు. నీళ్లు తొణక్కుండా అలాగే ఉన్నాయి. "ఎవరి దగ్గర కొన్నా ముందు ఇది చూడు" అన్నారు. ఆ తరువాత ఒక నోటు పుస్తకం ఇచ్చారు. ఆ పడవకు ఎప్పుడు ఎక్కడ దెబ్బ తగిలింది, ఏం మరమ్మతు చేశారు, అన్నీ తేదీలతో రాసి ఉన్నాయి. డాగర్ బోర్డు రాయికి తగిలి మొన విరిగితే అతికిన సంగతి కూడా. అమ్మేవాడు తన సరుకు లోపాలు రాసిచ్చిన పుస్తకం నా జన్మలో అదొక్కటే చూశాను.

ఇక్కడ సినిమావాళ్ల కబురొకటి చెప్పకుండా ముందుకు పోలేను. "కాసాబ్లాంకా" హీరో హంఫ్రీ బోగార్ట్ కూడా సెకండ్‌హాండ్ పడవే కొన్నాడు. దాని పేరు సాంటానా. 1935లో తయారైన 55 అడుగుల అందగత్తె. 1945లో దాన్ని ఆయనకు అమ్మింది డిక్ పావెల్, ఆయనా నటుడే. హీరోకి హీరో అమ్మిన పడవన్నమాట! 1957 జనవరిలో పోయేవరకూ బోగార్ట్ ప్రాణమంతా ఆ పడవమీదే. తన సొంత నిర్మాణ సంస్థకి ఆ పేరే పెట్టుకున్నాడు. "కీ లార్గో" (1948) సినిమాలో పడవ పేరూ సాంటానాయే. ఆ బేరం జరిగిన రోజు డిక్ పావెల్ రాత్రి నిద్రపోయాడా లేదా అని నాకొక సందేహం. పడవవాళ్లలో ఒక నానుడి ఉంది లెండి. పడవ కొన్నరోజు, అమ్మినరోజు, ఈ రెండే యజమానికి సంతోషమని. మొదటి సగం నిజం.

సరే, ప్రకటన సంగతికొద్దాం.

మొదట ఫోను చేసింది ఒక ఆర్టు డైరెక్టరుగారి అసిస్టెంటు. మనిషి చురుకు, మాట అంతకన్నా చురుకు. క్లబ్బుకొచ్చి పడవ చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేసి, "బ్రదర్, ఎనభై ఇప్పిస్తాను" అన్నాడు.

అడిగినదానికంటే ఇరవై వేలెక్కువ! నా చెవులను నేనే నమ్మలేదు. "దేనికండీ?" అన్నాను.

"క్లైమాక్సుకి. హీరో దూకేస్తాడు, పడవ తగలబడిపోతుంది. ఫైబరు కదా, మంట బాగా లేస్తుంది."

అక్కడికక్కడే ఫోన్లోంచి అయిదు వేలు అడ్వాన్సు కొట్టాడు. బుధవారం టెంపో పంపిస్తానన్నాడు. వాడికి పడవలో లోపాలు అక్కర్లేదు. కాలడానికి కండిషనెందుకు?

లోపం అన్నాను కదూ. దాచి లాభంలేదు, చెబుతాను. లేజర్ పడవకి మాస్టుని పట్టి ఉంచే తీగలేవీ ఉండవు. డెక్కులో ఒక గుంట ఉంటుంది, అందులో మాస్టు దింపుతారు, అంతే. గాలి తెరచాపని ఎంత బలంగా తోస్తే అంత బలమూ ఆ గుంట మొదట్లో పడుతుంది. రెండేళ్లుగా నా పడవలో ఆ గుంట అడుగున సన్నగా కారుతోంది. నీళ్లు లోపలికి దిగుతున్నాయి. అంటే అక్కడి అతుకు వదులవుతోందన్నమాట. పట్టించుకోకపోతే ఒకరోజు పెద్ద గాలికి మాస్టు డెక్కుని చీల్చుకుని బయటికొస్తుంది. నేనేం చేశాను? పెద్ద గాలి రోజుల్లో నీళ్లలోకి దించడం మానేశాను. కర్నల్‌గారి పుస్తకంలో ఆ రెండేళ్ల పేజీలు ఖాళీగా వదిలేశాను.

మంగళవారం సాయంత్రం క్లబ్బులో సామాను సర్దుకుంటుంటే ఒక నడివయసు మనిషి, ఒక అమ్మాయి వచ్చారు. ప్రకటన ఎవరో చూపించారట. అమ్మాయికి పదిహేను నిండాయి. ఈ సరస్సు మీదే పిల్లలకు తెరచాప నేర్పే ఒకచోట ఆప్టిమిస్టు అనే బుల్లి పడవ మీద నాలుగేళ్లు నేర్చుకుంది. ఆప్టిమిస్టు రేసులకి పదిహేనేళ్లే హద్దు. ఆ తరువాత లేజర్‌కి రావాలి. పెద్ద తెరచాప వద్దు, నాలుగు పాయింట్ ఏడు చదరపు మీటర్ల చిన్న తెరచాప, దానికి తగిన పొట్టి మాస్టు కోచ్‌గారు ఇస్తామన్నారట. అడుగు పడవ మాత్రం అన్నిటికీ ఒకటే. అది కావాలి.

"నేత్రా కుమనన్ తెలుసా అంకుల్?" అంది అమ్మాయి. తెలియకేం. చెన్నై అమ్మాయి, మన దేశం నుంచి ఒలింపిక్స్‌కి అర్హత సంపాదించిన మొదటి మహిళా సెయిలర్. టోక్యో అయింది, ఆ నెల పోతే పారిస్ వెళ్లబోతోంది. "ఆమెది కూడా ఇదే పడవ" అని నా పడవ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేసిన తీరు చూసి నా గొంతులో ఏదో అడ్డుపడింది.

"అమ్మా, ఇది బేరం అయిపోయింది" అనాలి నేను. అనలేదు. ఎందుకనలేదో ఇప్పటికీ చెప్పలేను.

తండ్రి మాత్రం పడవని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు. మాటల్లో తెలిసింది, ఆయన క్రాస్ రోడ్స్‌లో ఒక హాల్లో ఇరవై రెండేళ్లు ప్రొజెక్టరు ఆపరేటరు. 2012 ప్రాంతంలో రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక పని పోయింది. ఇప్పుడొక మాల్‌లో లిఫ్టు నడుపుతున్నాడు. "అప్పుడూ ఆపరేటర్‌నే, ఇప్పుడూ ఆపరేటర్‌నే సార్" అని నవ్వాడు. తను నడిపిన ప్రొజెక్టరుని పాత ఇనుము కింద తూకానికి వేశారట. ఆ రోజు లీవు పెట్టి ఇంట్లో పడుకున్నానన్నాడు.

ఆఖరికి నా ఎదురుగా వచ్చి నిలబడి అడిగాడు:

"సార్, పాత ప్రొజెక్టర్ గొనేటప్పుడు మేము పైన రంగు చూడం. గేటు చూస్తం. రీలు నడిచేది గేటు కాడనే గదా, అరిగేది గూడ ఆడనే. దీనికి గేటు ఏడున్నది?"

పదేళ్లలో నా పడవ గురించి ఇంత తెలివైన ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నాకు అబద్ధం చెప్పడానికి బోలెడు చోటుంది. డాగర్ బోర్డు దిగే పగులు చూపించవచ్చు, చుక్కాని మేకులు చూపించవచ్చు, అవన్నీ దిట్టంగానే ఉన్నాయి. మనిషి తెలుసుకునే దారి లేదు. అమ్మాయికి తెలిసే వయసు లేదు.

"ఇదన్నా" అని మాస్టు గుంట చూపించాను. "నీళ్లు పోసి చూడాలి."

అమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. అంచుదాకా పోశాం. ముగ్గురం దానిచుట్టూ కూర్చున్నాం. మొదట ఏమీ తెలియలేదు. అయిదు నిమిషాలకి నీళ్లు అంచు వదిలి వేలెడు దిగాయి. ఆయన నీళ్లవైపు చూడటం మాని నావైపు చూశాడు.

"ఎన్ని దినాలాయె సార్?"

"రెండేళ్లు."

"కాయితంల మంచి కండిషన్ అని రాసిన్రు గదా."

ఏం చెప్పను? అది నా వృత్తి అని చెప్పనా?

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నా బిడ్డ గాలిల పోయే పిల్ల సార్" అని మాత్రం అన్నాడు. జేబులోంచి కాగితం తీసి చూపించాడు. చిట్టీ పాడితే వచ్చింది నలభై అయిదు వేలు. అంతకుమించి లేదు.

ఆ రాత్రి ఆలోచన చాలా చేశానని గొప్పలు చెప్పను. లెక్కలు వేశాను. ఎనభై ఒకవైపు. రెండోవైపు నలభై అయిదు, అందులోంచి మరమ్మతు ఖర్చు పోవాలి. మధ్యలో అమ్మ మోకాలు. చివరికి అమ్మనే అడిగాను.

"ఎనభై ఇచ్చేవాణ్ణి కాదని, నలభైకి అమ్మి, పైగా రిపేరు నువ్వే చేసిస్తావా? నా కడుపున ఎలా పుట్టావురా!" అంది. కాసేపు మోకాలికి నూనె రాసుకుంది. నూనె సీసా మూత పెడుతూ అడిగింది, "ఆ పిల్లకి ఈతొచ్చా?"

"వచ్చమ్మా."

"అదొక్కటీ నయం. ఇన్నాళ్లు ఆగిన మోకాలు ఇంకో రెణ్నెల్లు ఆగుతుందిలే."

పొద్దున్నే ఆర్టు అసిస్టెంటుకి ఫోను చేసి, అడ్వాన్సు తిరిగి పంపించేస్తున్నాను, పడవ ఇవ్వలేనన్నాను. తిడతాడనుకున్నాను. "ఏం ఫరవాలేదు బ్రదర్. డైరెక్టరుగారు రాత్రే క్లైమాక్సు గోడౌన్లోకి మార్చేశారు. మళ్లీ పడవ కావాలంటే థర్మోకోలుతో చేయించేస్తా" అన్నాడు! నేను రాత్రంతా పడ్డ మథన అంతా ఆ థర్మోకోలు పాలైంది.

మరమ్మతుకి పది రోజులు పట్టింది. మాస్టు గుంట పక్కన డెక్కులో చెయ్యి దూరేంత గుండ్రటి రంధ్రం కోశాం. సొంత పడవకి రంపం పెట్టడమంటే ఎలా ఉంటుందో రాయడానికి నా దగ్గర విశేషణం లేదు. లోపల తడి. టేబులు ఫాను పెట్టి నాలుగు రోజులు ఆరబెట్టాం. ఎండాక పాత సామాన్ల కొట్టు కాటా మీద తూస్తే ఇంకా 61 కిలోలుంది. ఆ రెండు కిలోలు నా నిర్లక్ష్యం బరువన్నమాట.

గుంట మొదలుచుట్టూ ఫైబర్ గ్లాసు చాప ముక్కలు కత్తిరించి, రెసిన్‌లో తడిపి, పొరమీద పొర అతకాలి. చెయ్యి రంధ్రంలో ఉంటే కళ్లకి కనబడదు, తడుముకుంటూ చెయ్యాలి. నాకు చేతకాలేదు. ఆపరేటరుగారు లిఫ్టు డ్యూటీ దిగి రోజూ సాయంత్రం వచ్చేవాడు. చీకటి క్యాబిన్లో తెగిన రీలు క్షణాల మీద అతికిన వేళ్లవి. బుడగలేకుండా మూడు పొరలు వేశాడు. ఆయన వేస్తుంటే నేను టార్చిలైటు పట్టుకున్నాను. అమ్మాయి ముక్కు మూసుకుని రెసిన్ కలిపింది.

గట్టిపడ్డాక మళ్లీ చెంబెడు నీళ్లు. పెన్సిలుతో గీత గీసి, పైన మూతపెట్టి, రాత్రంతా వదిలేశాం. పొద్దున్న చూస్తే నీళ్లు గీతమీదే ఉన్నాయి. అమ్మాయి ఎగిరి గంతేసింది. తండ్రి మాత్రం ఇంకో అరగంట చూశాడు.

నలభై వేలకి ఖాయం చేసుకున్నాం. మిగిలిన అయిదు వేలు లైఫ్ జాకెట్టుకీ, కొత్త తాళ్లకీ ఉంచుకోమన్నాను. నోటు పుస్తకం తీసి ఖాళీ పేజీల్లో రెండేళ్ల సంగతి రాశాను. ఎప్పుడు కారడం మొదలైంది, నేనెన్నిసార్లు చూసీ చూడనట్టున్నాను, ఎవరు ఎలా బాగుచేశారు, అన్నీ. తేదీలతో. నేను రాసినవాటిలో ఒక్క విశేషణం కూడా లేని రచన అదే.

అమ్మకి ఆపరేషను ఆగస్టులో అయింది. తక్కువైన డబ్బుకి రెండు సినిమాల పబ్లిసిటీ రాశాను. రెండూ మీరు చూసి ఉండరు.

పడవ ఇచ్చిన రోజు ఎక్కువ మాట్లాడుకోలేదు. ట్రాలీ మీద ఎక్కించి, ఒడ్డునే నడిపించుకుంటూ వాళ్ల నేర్పే చోటికి తీసుకెళ్లారు. నేను వెనకాల వెళ్లలేదు. ఖాళీ స్థలంలో కాసేపు నిలబడి, బస్సెక్కి చిక్కడపల్లి వచ్చేశాను. అమ్మ కాఫీ ఇచ్చింది. తాగుతూ జేబులో చెయ్యి పెట్టుకుంటే వేలికి గట్టిగా ఏదో తగిలింది.

పడవ వెనక భాగంలో నీళ్లు బయటికి పోవడానికొక చిన్న రంధ్రం ఉంటుంది. దానికి బిరడా ఉంటుంది. ఒడ్డున ఉన్నప్పుడు తీసేస్తాం, నీళ్లలోకి దించేముందు బిగిస్తాం. ఆ బిరడా నా జేబులో ఉంది!

కాఫీ అలాగే వదిలేసి పరుగెత్తాను. ఆటోవాడు ఎంతడిగితే అంత ఇస్తానన్నాను. ట్యాంక్ బండ్ దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కున్నప్పుడు నీళ్లమీదకి చూశాను. ఎక్కడా చిన్న తెరచాప కనబడలేదు. వెళ్లేసరికి అమ్మాయి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఉంది. పడవ మాత్రం ఇంకా ట్రాలీ మీదే ఉంది. తండ్రి గట్టుమీద కూర్చుని నోటు పుస్తకం చదువుతున్నాడు.

నన్ను చూసి అమ్మాయి చెయ్యి చాపింది. "తెస్తరని నాన్న చెప్పిండు అంకుల్" అని బిరడా తీసుకుని, వెనక్కి వెళ్లి, రెండుసార్లు తిప్పి బిగించింది.